కసువు చేను

నేను చేసిన ఉద్యోగం మీద మా అమ్మకు చివరిదాకా నమ్మకం కుదరలేదు. "ఆ పల్లెల్లో తిరిగి ఏం సేస్తావే నువ్వు?" అని అడిగేది. "రైతులకు దున్నొద్దని చెప్తానమ్మా" అనేదాన్ని. "దున్నకుండా ఏం సేయమంటావు?" "చేన్లో చెత్త పరచమంటాను." ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, "దీనికి జీతం కూడా ఇస్తాండారా?" అనేది. ఇస్తున్నారని చెబితే ఆ ఇచ్చేవాళ్ళ మీద జాలిపడేది.

మీరంతా ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నారు. మీకు ఫోన్లున్నాయి, వీడియోలున్నాయి, మేం చేసిన పనికే పెట్టిన పెద్ద పెద్ద పేర్లున్నాయి. తొంభైల చివర్లో మా దగ్గర ఉన్నది ఒక పాత జీపు, దాన్ని కన్నబిడ్డలా తుడుచుకునే డ్రైవరు, చెప్పడానికి మూడు మాటలు. నేలను తిరగెయ్యొద్దు. నేలను ఎండకు వదలొద్దు. ఒక్క వేరుశనగే వేసి వాన కోసం మొగులు వైపు చూస్తూ కూర్చోవద్దు. ఈ మూడు మాటలూ పట్టుకుని రాయదుర్గం, గుమ్మఘట్ట వైపు పల్లెలన్నీ తిరిగాను. తెలుగులో చెబితే తెలుగులో నవ్వారు, కన్నడంలో చెబితే కన్నడంలో నవ్వారు. అయినా నేను గమ్మునుండే రకం కాదు. మా ఆఫీసులో అందరికీ తెలుసు, నా నోటికి సెలవు లేదని.

రిటైరయ్యాక ఎవరైనా "మీ సర్వీసులో మరిచిపోలేని రోజేది?" అని అడిగితే నాకు ఆలోచించే పని ఉండదు. ఒక ఊడ్చిన చేను కళ్ళ ముందుకొస్తుంది. వచ్చిన ప్రతిసారీ నవ్వొస్తుంది. ఇదిగో, రాస్తుంటే కూడా వస్తోంది. అక్షరాలు కాస్త అటూ ఇటూ పోతే ఏమనుకోకండి.

మా సీమ మాట ఒకటి ముందే చెప్పాలి. ఇల్లూ వాకిలీ ఊడిస్తే వచ్చే చెత్తను మేం కసువు అంటాం. ఊడ్చడాన్ని కసువు నూకడం అంటాం. పొద్దున లేచి కసువు నూకని ఇంటి గురించి ఊళ్ళో ఏమనుకుంటారో, ఆ ఇంటి ఆడమనిషి గురించి ఇంకా ఏమనుకుంటారో మీకు తెలియంది కాదు. అలాంటి ఊళ్ళకు పోయి, "అమ్మా, కసువును తీసుకుపోయి చేన్లో పరచండి" అని చెప్పడమే నా కొలువు. తలుచుకుంటే మా అమ్మ తప్పేమీ లేదు.

గుమ్మఘట్టకు దగ్గర్లో ఒక ఊరుంది. పేరు చెప్పను. ఆ ఊళ్ళో ఒక అక్క. ఆమె పేరూ చెప్పను. మొదటి నెలంతా నన్ను మేడం అని పిలిచింది, రెండో నెలనుంచి పాపా అంది. అప్పటికే నాకు పెళ్ళయి పిల్లలున్నారు, అయినా ఆమె నోట పాపా అంటే బాగుండేది. ఆమె భర్త బోర్లు వేసే లారీ మీద పనికి పోయేవాడు. ఏ కర్ణాటకలోనో, ఏ తమిళనాడులోనో నేలకు చిల్లులు పొడుస్తూ తిరిగి, ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చి, ఒళ్ళంతా బూడిదరంగు దుమ్ముతో పడి నిద్రపోయి, మళ్ళీ పోయేవాడు. సేద్యమంతా ఆమెదే. గుట్ట కింద ఎర్రనేల ఒక చెక్క, దాన్నానుకుని ఆమె బావ చేను. అంటే భర్తకు అన్న. మధ్యలో ఒక గట్టు.

ఆమెకు ఎద్దులు లేవు. అంతకుముందు కరువులో మేత లేక అమ్మేశారు. ఎద్దులు లేకపోతే ఏమవుతుందో మా నేల సంగతి తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. వాన కురిశాక విత్తడానికి సరిపోయే తడి నేలలో ఉంటుంది చూడండి, దాన్ని పదను అంటారు. ఎర్రనేలలో ఆ పదను చుట్టపు చూపుగా వచ్చి పోతుంది. అది పోయేలోగా దున్నుకుని విత్తుకోవాలి. ప్రతి ఏడూ వాన పడగానే ఆ అక్క పోయి బావ వాకిట్లో నిలబడేది, దున్నడానికి ఎద్దులూ మడకా ఇమ్మని. ప్రతి ఏడూ ఆయన ఒకటే మాట అనేవాడు.

"ముందు నా సేను కానీ, మిగిల్తే సూద్దాం."

ఆయన చెడ్డవాడేం కాదు. తన చేను అయ్యాక నిజంగానే పంపేవాడు. కాకపోతే అప్పటికి ఆమె నేల ఆరి పెంకులా అయ్యేది. ఆరిన నేలలో వేసిన గింజ సగం మొలిచేది, సగం చీమలకు పోయేది. అలా పంట మీద పంట పోయాక, చుట్టాలందరి ముందూ ఆయన తేల్చి చెప్పేశాడు. "ఎద్దులు లేనోళ్ళకు సేద్యం యాలమ్మా? ఈ ఒక్క ఏడు సూస్తా. ఈ ఏడూ ఇట్లనే అయితే సేను నేను సేసుకుంటా. నువ్వు నా కాడికే కూలికి రా. తిండికి లోటు సేయను." భర్త ఊళ్ళో లేడు, ఉన్నా అన్నకు ఎదురు చెప్పేవాడు కాదు. సొంత చేన్లో కూలిదానిగా దిగాలంటే ఆమెకు ప్రాణం పోయినట్టుంది. నాతో అలాగే అంది, దాపరికం లేకుండా.

అప్పటికి రెండు నెలలుగా నేను ఆ ఊళ్ళో ఉపన్యాసం ఇస్తున్నాను, దున్నకుండా విత్తొచ్చని. ఊరంతా నవ్వుతుంటే ఆమె ఒక్కతే ముందుకొచ్చి కూర్చుంది. "ఎద్దులు లేకుండా విత్తే దావుంటే సెప్పు పాపా. కసువు కాదు, కంపైనా పరుస్తా" అంది. నా ఉపన్యాసం విని ఒక మనిషి ముందుకు జరగడం అదే మొదలు. ఆ పూట నేను ఆఫీసుకు జీపులో పోలేదు, గాల్లో తేలిపోయాను.

ఆ ఎండాకాలమంతా మేం కసువు పోగేశాం. కానుగాకు, వేపాకు, కందికట్టె, పశువులు ముట్టని గడ్డి, రాయదుర్గంలో బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, ఒలిచే మిషను దగ్గర గుట్టలుగా పడుండే పొట్టు. ఆ పొట్టును మా జీపులోనే తోలాం. మా డ్రైవరును అందరం భాయ్ అనేవాళ్ళం. జీపు మీద ఈగ వాలితే ఓర్చుకోని మనిషి. పొట్టు సంచులు ఎక్కించిన ప్రతిసారీ మొహం అటు తిప్పుకునేవాడు.

"మేడం, ఇది జీపా, కసువు బండా? మా ఇంటామె నన్ను వాకిట్లోనే చొక్కా ఇప్పి దులుపుకోమంటాంది."

"దులుపుకున్నది పారేయొద్దని చెప్పు భాయ్. అది కూడా చేన్లోకి పనికొస్తుంది."

ఆయన నవ్వలేదు. జీపు తుడిచే గుడ్డ తీసుకుని అద్దం తుడవడం మొదలుపెట్టాడు. నా మీద కోపమొస్తే ఆయన అద్దం తుడిచేవాడు. ఆ ఎండాకాలం మా జీపు అద్దం తళతళలాడిపోయింది.

పోగేయడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. గాలి ఎత్తుకుపోతుంది, గొర్రెలు మేస్తాయి. చేను నిండా పరిచి, పైన జాలికంప కప్పి, రాళ్ళు పెట్టి కాపాడుకున్నాం. ఊళ్ళో వాళ్ళు దానికి కసువు చేను అని పేరు పెట్టారు. "ఏమప్పా, మా ఇంటి కసువు కూడా పంపిద్దుమా?" అని దారిన పోయేవాళ్ళు అడిగేవాళ్ళు. ఆ అక్క సిగ్గుపడేది, నేను మాత్రం "పంపండి, బండి మేమే తెస్తాం" అనేదాన్ని. బావ గట్టు మీద నిలబడి చూసి, తల అడ్డంగా ఊపి పోయేవాడు. ఆయన చేను మాత్రం బాగా దున్ని, గుంటక తోలి, అద్దంలా పెట్టుకున్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

విత్తనాల వేళకు ముందు ఒక మంచి వాన పడింది. విత్తేంత కాదు, నేల తడిసేంత. ఆ తర్వాత మళ్ళీ ఎండలు.

అప్పుడు మా ఆఫీసు పెద్దసారు ఒక కబురు తెచ్చారు. మా పనికి సాయం చేసేవాళ్ళ తరఫున ఉత్తరాది నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. చేను చూస్తాడు. ఆయనకు నచ్చితే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పని సాగుతుంది, మనిషి చేత్తో లాగి విత్తే చిన్న గొర్రులు రైతులకు ఇస్తారు. నచ్చకపోతే లేదు. అంటే ఆ అక్క విత్తడానికి పనిముట్టు రావాలన్నా ఆయన తల ఊపాలి. ఈ సంగతి తెలిసి బావ ఊళ్ళో అన్నాడట, "ఆ పెద్దమనిషొచ్చి సూడనీ. ఈ కసువును సూసి నవ్వి పోతాడు. ఆపొద్దే సేను నా సేతికియ్యమంటా." అక్క ఈ మాట నాకు చెప్పి, "నువ్వు దిగులు పడొద్దు పాపా. పెద్దమనిషి కండ్లకు బాగుండేటట్లు నేను సూసుకుంటాలే" అంది. నాకు ఎంత ధైర్యమొచ్చిందో. ఆమె ఏం చూసుకుంటానందో అడగాలని నాకు తట్టలేదు.

ఆ రోజు పొద్దున నేనూ భాయీ ముందుగా బయలుదేరాం. పెద్దసారు అతిథిని అనంతపురంలో ఎక్కించుకుని వెనకాల వస్తారు. గుట్ట మలుపు తిరగ్గానే భాయ్ బ్రేకు తొక్కాడు.

"మేడం, మన సేను యాడ?"

"అదే కదా" అని చెయ్యి చూపబోయి ఆగిపోయాను. చేనుంది. గట్టుంది. కసువు లేదు. ఒక్క ఆకు లేదు, ఒక్క పుల్ల లేదు. నేలంతా నున్నగా, పండగనాటి వాకిలిలా ఉంది. చీపురు పరక గీతలు కూడా వరసగా కనిపిస్తున్నాయి. చేను మొదట్లో కల్లాపి చల్లి, ముగ్గు వేసి, ముగ్గు మధ్యలో బంతిపూలు పెట్టారు. గట్టు పొడుగునా వీధిలో ఆడవాళ్ళంతా కొప్పుల్లో పూలతో, చేతుల్లో పరకలతో నిలబడి ఉన్నారు. ముందర అక్క. పెళ్ళిళ్ళకు మాత్రమే కట్టే చీర కట్టింది. ముఖం వెలిగిపోతోంది.

"ఎట్లుండాది పాపా?" అంది.

జీపులోంచి దూకి చేను నాలుగు మూలలా చూశాను. "అక్కా, కసువేదీ?" అన్నాను.

"నూకేసినాం. కోడి కూసినప్పుట్నుంచీ పట్టినాం. వీధి వీధంతా వచ్చినారు, పాపం."

"ఎందుకు నూకినారక్కా?"

నేను తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు ఆమె నన్ను చూసింది. "దూరం నుంచీ పెద్దమనిషి వస్తాంటే కసువు సూపిస్తామా? మీ ఇంటికి సుట్టాలొస్తే నువ్వు ఎంగిలి కంచాలు ముందర పెడ్తావా? ఊరికి మాట రాదూ?"

"ఆయన వస్తున్నదే కసువు చూడటానికక్కా."

గట్టు పొడుగునా పరకలు కిందికి దిగాయి. ఒక ముసలామె పక్కనున్నామెతో అంది, "అంత దూరం నుంచీ కసువు సూసేకి వస్తాండాడా? ఆయప్పకు ఇంట్ల లేదా?"

"యాడికీ పోలేదు పాపా" అని అక్క నన్ను ఓదార్చింది. చేను మూలకు చూపించింది. ఎండాకాలమంతా మేం పోగేసింది అక్కడ కొండలా ఉంది. "జాగర్తగా కుప్పేసినాం. ఆయన పోయినాక మల్ల పరుస్తాం."

నేను గట్టు మీద కూలబడ్డాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు, రెండూ ఒకేసారి వచ్చాయి. అవతల గట్టున బావ తెల్ల పంచె కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు ఆ పొద్దు బాగా గడుస్తోంది.

"పరవండక్కా. ఇప్పుడే, బిన్నా పరవండి" అన్నాను లేచి. ఎవరూ కదల్లేదు. ఊడ్చిన చోట మళ్ళీ కసువు పోస్తే లక్ష్మి పోతుందని ఒకామె అంది. ముగ్గు వేసినాక అసలే పోయకూడదని ఇంకొకామె. పరక పట్టిన పొద్దంతా దండగేనా అని మూడో ఆమెకు కోపం. నేను బతిమాలాను, కసిరాను, మళ్ళీ బతిమాలాను. అప్పుడు భాయ్ ఏం చేశాడో తెలుసా? ఆ పొద్దున్నే కడిగి తెచ్చిన జీపును రివర్సులో తీసుకుపోయి, ఆ కుప్పకు ఆనించి నిలబెట్టాడు. దిగి, తన ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతుల్తో కసువు ఎత్తి జీపులో వేశాడు.

"మీకు లక్ష్మి పోతే నాకు జీపే పోతాది" అన్నాడు. "రాండి, ఎత్తండి."

ఆయన జీపు మీద ఎంత ప్రాణం పెట్టుకున్నాడో ఊరందరికీ తెలుసు. ఆడవాళ్ళు కొంగులు దోపి దిగారు. ఇక చూడండి. జీపు చేను మధ్యకు పోవడం, వెనక నుంచి దోసిళ్ళతో పొట్టు చల్లడం, గాలి దాన్ని తెచ్చి మా నెత్తిన పోయడం. ముసలామె నోట్లోకి పొట్టు పోయి ఆమె ఉమ్ముతూ తిడుతూ చల్లుతూనే ఉంది. ఎవరో కావాలనే అక్క కొప్పు మీద కానుగాకు పోశారు. ఆమె తిరిగి పోసింది. అంతే, పని ఆటైపోయింది. ఆఫీసులో ఎప్పుడూ గొంతు పెంచని నేను కూడా... సరే, అది అబద్ధం, నేనెప్పుడూ గొంతు పెంచే మాట్లాడేదాన్ని. కానీ ఆ రోజు అరుస్తూ పరిగెత్తాను, చేతుల నిండా ఆకుతో, చిన్నపిల్లలా. నా ఉద్యోగం ఇంకాసేపట్లో పోతుందని తెలుసు. అయినా ఒళ్ళంతా ఎందుకో అంత సంతోషం.

సగం చేను పరిచేసరికి రోడ్డు మీద కారు ఆగింది.

పెద్దసారు దిగారు. ఆయన ముఖంలో రంగులు మారడం నేను దూరం నుంచే చూశాను. వెనకాల అతిథి దిగాడు. తెల్ల గడ్డం, బొద్దుగా ఉన్న మనిషి. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచొచ్చాడు, అందుకే నాకు ఆయన నచ్చాడు. సగం ఎర్రగా, సగం చెత్తగా ఉన్న చేనునూ, నెత్తి నిండా ఆకులున్న మమ్మల్నీ చూసి, ఇదేమిటని హిందీలో అడిగాడు. పెద్దసారు ఇది ప్రత్యేకమైన పద్ధతి అని ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టారు. నేను నోరు తెరిచేలోపు భాయ్ ముందుకొచ్చి, తన ఉర్దూలో మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాడు. మీరు చెత్త చూడటానికి వస్తున్నారు సాబ్, మీ మీద మర్యాదతో వీళ్ళు చెత్తంతా ఊడ్చేశారు, ఇప్పుడు మీ కోసమే మళ్ళీ పోస్తున్నారు, నా జీపు చూడండి. పెద్దసారు కళ్ళతో సైగలు చేస్తూనే ఉన్నారు. భాయ్ వాటిని చూడనట్టే ఉన్నాడు.

అతిథి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, నిలబడలేక గట్టు మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అక్క గబగబా పోయి చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన తాగుతూ ఊడ్చిన భాగం వైపు చూసి, ఈ నేల రంగు వేరుగా ఉందేమిటి అన్నాడు.

నిజమే. అంతసేపూ మాలో ఒక్కరూ చూడలేదు. కసువు కిందనుంచి ఆ పొద్దున్నే బయటపడిన నేల ముదురు ఎరుపులో ఉంది. గట్టుకు అవతల బావ చేను పాలిపోయి, పిండిలా ఉంది. నేను వంగి ఆ మట్టి మీద అరచెయ్యి పెట్టాను. "తడి ఉంది సార్. ఎప్పుడో పడిన వాన తడి ఇంకా ఉంది" అన్నాను.

"ఉండక ఏం సేస్తాది?" బావ గట్టు దాటి వచ్చాడు. "పొద్దున్నే కల్లాపి సల్లినారు కదా. నేను కండ్లారా సూసినా. పేడనీళ్ళు సల్లి, పదను అంటాండారు."

ఆ మాటకు ఆడవాళ్ళంతా ఒకేసారి లేచారు. చల్లింది ముగ్గు దగ్గరే అని ఒకరు, చేనంతా చల్లడానికి నీళ్ళు నువ్వు మోసినావా అని ఒకరు. అక్క మాత్రం కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. బావ ముందు ఆమె గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడూ ఎత్తలేదు, మెల్లగానే అంది.

"పార నీదే, సెయ్యీ నీదే. నువ్వే తవ్వు బావా. ముందు నీ సేన్లో, తర్వాత నా సేన్లో. ముగ్గుకు దూరంగా, నీకు యాడ కావాలంటే ఆడ."

అందరూ చూస్తున్నారు. ఆయన తన గట్టు మీదున్న పార తీసుకున్నాడు. తన చేన్లో మోకాలి లోతుకు దగ్గరగా తవ్వాడు. పైకి దుమ్ము లేచి పంచె ఎర్రబడింది తప్ప తడి కనపడలేదు. గట్టు దాటి ఇటొచ్చాడు. ముగ్గుకు ఎంత దూరం పోగలడో అంత దూరం పోయి, చేను ఆ చివర, ఇంకా పరవని చోట పార వేశాడు. ఒక్క దెబ్బకే మట్టి గడ్డగా లేచింది. వంగి పిడికెడు తీసుకుని పిసికాడు. చెయ్యి తెరిచాడు. ముద్ద విడిపోలేదు. ఆయన వేళ్ళ గుర్తులతో అలాగే నిలబడింది.

దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. ఇంకో చోట తవ్వాడు. ఇంకో ముద్ద. అతిథి కూడా దగ్గరకు పోయి తనూ ఒకటి పిసికి, పిల్లవాడిలా దాన్ని పెద్దసారుకు చూపించాడు. కసువు ఊడ్చి ఉండకపోతే అంత బాగా కనపడేది కాదు. పరిచిన చెత్త మీద నడిచి, తల ఊపి పోయేవాళ్ళు. ఈ మాట మాత్రం నేను అక్కకు చాలా రోజులు చెప్పలేదు, చెబితే ప్రతి అతిథికీ ఊడ్చి పెడుతుందని భయం.

బావ ఆ రోజు ఇంటికి పోతూ చేతిలో ముద్దను ఏం చేయాలో తెలియక తువ్వాల కొంగులో కట్టుకుని పోయాడు. తప్పయిందనలేదు, బాగుందనలేదు. చేను సంగతీ ఎత్తలేదు. "ఏడు అయిపోలేదు కదా పాపా, గడువు అట్లే ఉండాది" అంది అక్క. దిగులు తీరలేదు ఆమెకు.

గొర్రులు వచ్చాయి. వాన వచ్చింది. వాన వెలిసిన మరునాడే అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి చేత్తో గొర్రు లాగుతూ విత్తేశారు. వేరుశనగ, మధ్యలో కంది, జొన్న, అలసందలు. ఆ ఏడు మొదటిసారి ఆమె ఎవరి వాకిట్లోనూ నిలబడలేదు. ఆ తర్వాత ఎప్పటిలాగే మొగులు మొహం చాటేసింది. పంట విరగకాసిందని నేను అబద్ధం చెప్పను. మా జిల్లాలో విరగకాయడం అనే మాట ఎవరూ వాడరు. వేరుశనగ అంతంతమాత్రం, కంది బాగా నిలబడింది, అలసందలు ఇంటికీ ఇరుగుపొరుగుకీ సరిపోయాయి. బావ చేన్లో ఎండిన కట్టె మాత్రమే మిగిలింది. అయినా ఆయన నోరు తెరిచి ఒక్క మాట అనలేదు, "సేను నీకే వదిలిపెట్టినా" అని. ఆ మాట ఆయన నోట వినాలని ఆమె ఎదురుచూస్తూనే ఉంది.

మళ్ళీ ఎండాకాలం. ఒక పొద్దున రాయదుర్గంలో మా ఆఫీసు తెరిచేసరికి అక్క మెట్ల మీద కూర్చుని ఉంది, మొదటి బస్సుకే వచ్చేసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకుని పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"పాపా, నా సేన్లో దొంగలు పడినారు."

"ఏం పోయిందక్కా? గొర్రా?"

"కసువు" అంది. అనగానే కొంగు జారింది. చూస్తే నవ్వుతోంది. నవ్వుతో మాట రావడం లేదు ఆమెకు. "బండికెత్తుకోని పోయినారు పాపా. సగం సేను ఖాళీ."

జీపు తుడుస్తున్న భాయ్ గుడ్డ వదిలేసి దగ్గరకొచ్చాడు. "ఎవురు?"

"నువ్వే వచ్చి సూడన్నా."

పోయి చూశాం. దొంగను పట్టడానికి పోలీసులు అక్కర్లేదు. బుడ్డల పొట్టు సన్నగా రాలుకుంటూ, బండి చక్రాల వెంబడే గట్టు దాటి పోయింది. బావ చేను నడిమధ్యలో, రోడ్డు మీదికి కనపడని పల్లంలో, ఒక చెక్కంతా కసువు పరిచి ఉంది. పైన జాలికంప కప్పి, రాళ్ళు కూడా పెట్టాడు, సరిగ్గా మేం పెట్టినట్టే. భాయ్ ఆ రాళ్ళను చూసి, "పని బాగా నేర్చుకున్నాడు మేడం" అన్నాడు.

ఆ సాయంత్రం చౌకదుకాణం అరుగు మీద పంచాయితీ. ఊరంతా వచ్చింది, ఎందుకు రాదు, కసువు దొంగతనం మీద పంచాయితీ జిల్లాలో అదే మొదటిదై ఉంటుంది. పెద్దమనుషులు కూడా మీసాల చాటున నవ్వుకుంటున్నారు. బావ ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"కసువుకు దొంగతనమేందప్పా?" అన్నాడు. "ఎవురి కసువైతే ఏం, కసువు కసువే కదా."

"కసువే అయితే యాల ఎత్తుకపోయినావు బావా?" అంది అక్క.

అరుగంతా గొల్లుమంది. ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. దొంగతనానికి దండగ ఏం వేయాలో నువ్వే చెప్పమ్మా అని పెద్దమనుషులు అక్కనే అడిగారు. ఆమె నవ్వు ఆగిపోయింది. నా పక్కనే నిలబడి ఉంది.

"నాకు దండగొద్దు" అంది. "సేను ఎవురిదో సెప్పమనండి. నోటితో, ఈడే, అందరి ముందర."

 బావ అరుగు బండ మీద వేలితో గీతలు గీస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఆ కాసేపట్లో నేను నా జీవితంలో మొదటిసారి గమ్మునున్నాను.

"సేను ఆయమ్మదే" అన్నాడు. తల ఎత్తి, అందరికీ వినపడేటట్టు మళ్ళీ అన్నాడు. "సేను ఆయమ్మదే. ఇంక అడగను. కసువూ ఆయమ్మదే." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు, "ఇంకొక్క బండి మాత్రం ఇప్పిచ్చండప్పా. మొదులుపెట్టినా, సగంలో నిలిచిపోయింది."

అందరూ అక్క వైపు చూశారు. ఆమె కళ్ళు నిండుగా ఉన్నాయి. కళ్ళు తుడుచుకుంది, కొంగు సర్దుకుంది, బావ వైపు తిరిగింది.

"ముందు నా సేను కానీ, మిగిల్తే సూద్దాం."

ఆ మాట ఎక్కడిదో ఆ అరుగు మీద తెలియనివాళ్ళు లేరు. అందరికంటే ముందు నవ్వింది ఆయనే. తల పట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వాడు. ఆ తర్వాత ఊరంతా నవ్వింది. ఆ గోలలోనే అక్క ఇంకో మాట అంది, పక్కనున్నాను కాబట్టి నాకు వినపడింది. "పొద్దున్నే బండి కట్టుకోని రా బావా. నేను నిలబడి ఎత్తిస్తా."